గీతకు వెడల్పెంత?

కబడ్డీ ఆటలో నడుమగీతను తాకినవాడెవడో తాకనివాడెవడో తేల్చుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. గీత నేలమీద ఉన్నది. కాలిముద్ర మట్టిలో ఉన్నది. రెండింటిని వంగి చూచినచో తగవు తీరిపోవును. మా మహదేవపూర్ ప్రాంతపు బాలురు తరతరములుగా అట్టి ఆటలనే ఆడిరి. ఫుట్‌బాల్‌లో మాత్రము నేలపై ఎవరును గీయని గీత ఒకటి కలదు. అది ఒకచోట నిలువదు. రక్షకులు ముందుకు జరిగినచో తానును ముందుకు జరుగును. వారు వెనుకకు పరుగెత్తినచో తానును వెనుకకు పరుగెత్తును. కంటికి కనబడని ఆ గీతను దాటినందుకు ప్రపంచమున ఎన్నియో గోళ్ళు చెల్లక పోయినవి. ఎన్నియో జట్లు కన్నీరు పెట్టుకొన్నవి. ఆ అపరాధమునకే ఆఫ్‌సైడ్ అని పేరు.

నియమమును చెప్పుట సులభమే. ఒక ఆటగాడు బంతిని తన్నిన క్షణమున అతని జట్టువాడొకడు ఎదుటి జట్టు అర్ధభాగములో నుండి, బంతికంటెను, ఎదుటివారిలో చివరినుండి రెండవవానికంటెను గోలు గీతకు దగ్గరగా ఉన్నచో, అతడు ఆఫ్‌సైడ్ స్థానములో ఉన్నట్లు లెక్క. చివరివాడు సాధారణముగా గోల్‌కీపరే గనుక, ఆ రెండవవాడనగా కడపటి రక్షకుడని మనము భావించుకొనవచ్చును. తల, మొండెము, కాళ్ళు లెక్కకు వచ్చును, చేతులు రావు. ఆ స్థానములో ఊరక నిలుచుట తప్పు కాదు. అక్కడినుండి ఆటలో జోక్యము చేసికొనుటయే తప్పు. ఇందులో మిక్కిలి చిక్కైన మాట 'తన్నిన క్షణమున' అనునది. బంతి అందిన క్షణము కాదు సుమా! తన్నినపుడు రక్షకునికి వెనుకనుండి, బంతి గాలిలో నుండగా ముందుకు దూకినవాడు నిర్దోషి. చూచువారికి మాత్రము వాడు బంతిని అందుకొనునపుడు ఒంటరిగా గోలు ముందు కనబడును. సగము అల్లరి అక్కడనే పుట్టును.

అసలీ నియమము దేనికని బాలురు నన్ను తరచుగా అడుగుదురు. మా వీథిలోని చిన్నపిల్లలు ఈ నియమము లేకుండ ఆడుకొనుట నేను చూచితిని. అందులో ఒక గడుసువాడు మధ్యాహ్నమంతయు ఎదుటివారి గోలు ప్రక్కనే నిలిచియుండును - మామిడిచెట్టు క్రింద పండు రాలుటకై కాచుకొనియున్నవానివలె. తక్కినవారు బంతిని వాని మీదికి ఎత్తి తన్నుటయే పనిగా పెట్టుకొందురు. పరుగు లేదు, పొత్తు లేదు, యుక్తి లేదు. కాపు కాచి కొట్టుటను ఆపి, కలిసి ఆడుటను నేర్పుటకే ఆఫ్‌సైడ్ పుట్టినది.

1863లో లండన్ నగరమున ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి మొదటి నియమావళిని వ్రాసినపుడు, బంతికి ముందున్న ప్రతివాడును ఆటకు వెలియే. 1866లో కొంత సడలించి, ఎదుటివారు ముగ్గురు ముందున్నచో చాలుననిరి. ఈ ముగ్గురి నియమమును న్యూకాజిల్ యునైటెడ్ జట్టు రక్షకుడు బిల్ మెక్‌క్రాకెన్ ఎంత నేర్పుతో వాడుకొనెననగా, తాను సమయమెరిగి రెండడుగులు ముందుకు వేయును. ఎదుటివారు వలలో పడిన చేపలవలె ఆఫ్‌సైడ్‌లో చిక్కుదురు. ఆట మాటిమాటికి ఆగిపోవుచుండెను. 1925లో ముగ్గురిని ఇద్దరుగా తగ్గించిరి. ఒక్క మాట మారినందున కలిగిన ఫలితము చూడుడు: ఇంగ్లీషు ఫుట్‌బాల్ లీగులో అంతకు ముందు ఏడు 1,848 ఆటలలో 4,700 గోళ్ళు పడినవి; మరుసటి ఏడు అన్నియే ఆటలలో 6,373 పడినవి. ఇక 1990లో మరియొక సడలింపు వచ్చెను. దాడి చేయువాడు, రక్షకుడు సమానముగా నున్నచో ఆఫ్‌సైడ్ కాదు. అంతవరకు సమానముగా నుండుటయు తప్పే.

ఈ మార్పులన్నింటిలో ఒకే పోకడ కనబడుచున్నది. దాడి చేయువానికి కొంచెము కొంచెముగా చోటిచ్చుచు వచ్చిరి. సందేహము కలిగినపుడు జెండా ఎత్తవలదని సహాయ రెఫరీలకు బోధించిరి. మా మండలములోని కాళేశ్వరమున ఒకే పానవట్టముమీద రెండు లింగము లున్నవి: ఒకటి కాలుని పేరిట, ఒకటి ముక్తీశ్వరుని పేరిట. తీర్పు తీర్చువాడును విడిచిపెట్టువాడును ఒకే పీఠముమీద నుండుట చూచినపుడెల్ల, పూర్వపు సహాయ రెఫరీ చేతి జెండా నాకు గుర్తుకు వచ్చును. అందులో శిక్షయు ఉండెను. సందేహము వచ్చినపుడు క్షమయు ఉండెను.

మనుష్యుని కన్ను ఈ పనిని ఎంతవరకు చేయగలదు? ఒక దసరా సెలవులలో మా ఊరి మైదానమున రెండు వీథుల జట్లు ఆడుచుండగా గోలు పడెను. 'ఆఫ్‌సైడ్' అని ఒకరు, 'కాదు' అని ఒకరు. ఒక బాలుడు చింతచెట్టు మొదట నిలిచి ఆటను సెల్‌ఫోనులో పట్టియుండెను. అందరును దానిమీద మూగిరి. బొమ్మను ఆపి చూచిరి, పెద్దది చేసి చూచిరి. వింత యేమనగా, ఒకే బొమ్మను చూచి ఇరుపక్షములవారును తామే గెలిచితిమని కేకలు వేసిరి. "తాతా, నువ్వు జూడు!" అని ఫోనును నా చేతిలో పెట్టిరి. నేను ఉపాధ్యాయ వృత్తినుండి విరమించి చాలకాలమైనది. అయినను తీర్పులు చెప్పు పని మాత్రము నన్ను విడువలేదు. ఫోను పట్టిన బాలుడు నిలిచిన చోటు గోలుకు దగ్గరగా, ఏటవాలుగా నుండెను. అక్కడినుండి తీసిన బొమ్మ సాక్ష్యమునకు పనికిరాదని చెప్పితిని. నా మాటను ఎవరును నమ్మలేదు.

మరునాడు వారిని కాళేశ్వరమునకు తీసికొని పోయితిని. ప్రాణహిత గోదావరిలో కలియు చోట విశాలమైన ఇసుకమేట కలదు. ఇసుకలో తాడు పట్టి నిడుపైన గీత గీసి, దానిమీదనే రెండు కర్రలు పాతించితిని - ఒకటి దగ్గరగా, ఒకటి ముప్పది అడుగుల దూరమున. "గీత చివర నిలిచి చూడుడు" అంటిని. దగ్గరి కర్ర వెనుక దూరపు కర్ర మరుగుపడి రెండును ఒక్కటిగా కనబడెను. "ఇక రెండడుగులు కుడికి జరుగుడు." దగ్గరి కర్ర ఎడమకు జరిగినట్లు తోచెను. ఎడమకు జరిగిరి; అదియే కర్ర కుడికి పోయినట్లు తోచెను. కర్రలు కదలలేదు, చూచువాడు కదలెను. బాలురు చాలసేపు అటునిటు గెంతుచు ఆ వినోదమును చూచిరి. మా మహదేవపూర్ దసలి పట్టు నేతగాండ్రు ఈ సంగతిని ఏ పుస్తకమును చదువకయే ఎరుగుదురు. పడుగు పోగులు సరిగా నున్నవో లేవో చూడవలసినపుడు వారు ప్రక్కనుండి చూడరు, కన్నును సరిగా వాని ఎదుటనే నిలుపుదురు.

నెదర్లాండ్స్ దేశపు పరిశోధకులు 2000లో 'నేచర్' పత్రికలో ఈ విషయమునే నిరూపించిరి. సహాయ రెఫరీల ఆఫ్‌సైడ్ తప్పులలో చాలవాటికి కారణము అజాగ్రత్త కాదు, పక్షపాతమును కాదు. వారు నిలిచిన చోటు, అక్కడినుండి చూచిన కోణము. ఆ కనబడని గీతతో పాటు పరుగెత్తుచు, సరిగా దాని యెదుటనే ఎల్లవేళల నిలుచుట ఎవరి తరము? అంతటితో అయినదా? ముప్పది నలుబది గజముల దూరమున బంతిని తన్నుచున్న కాలినొకదానిని, ఎదుటనున్న గీతనొకదానిని, రెండింటిని ఒకే క్షణమున చూడవలెను. మనకున్న రెండు కన్నులును ఒకే వైపునకు తిరుగును గదా!

ఇట్టి కష్టమైన పనిని కన్నుతోను ఈలతోను నెరవేర్చినవారిలో మన హైదరాబాదువారొకరు కలరు. ఆయన పేరు సయ్యద్ షాహిద్ హకీమ్. ఆయన తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు ఫుట్‌బాల్ తెలిసినవారందరును ఎరిగినదే. రహీమ్ సాహెబు మొదట బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టుకు గెలిపించి పెట్టిరి. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందెను. జకార్తాకు పోవునాటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసిరి. ఆయన జీవితమును గూర్చి 2024 ఏప్రిల్‌లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చెను.

కుమారుడు హకీమ్ 1960 రోము ఒలింపిక్సునకు పోయిన భారత జట్టులో సభ్యుడు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు. పిమ్మట అంతర్జాతీయ రెఫరీ. 1988లో కతార్ దేశమున జరిగిన ఆసియా కప్పు పోటీలలో ఆయన రెఫరీగా పనిచేసెను. 2021 ఆగస్టులో పరమపదించెను. తండ్రి ఆట నేర్పెను. కొడుకు ఆటకు న్యాయము చెప్పెను. ఒకే యింట ఈ రెండు పనులును సాగుట నాకు ముచ్చటగా తోచును. 1988లో కతార్ మైదానమున నిలిచిన రెఫరీకి ఒక ఈల, ఒక గడియారము, ఇరువైపుల జెండాలు పట్టిన ఇద్దరు మనుష్యులు - ఇంతే పరివారము. ఆ కతార్ పేరును గుర్తుంచుకొనుడు. దానితో మనకింకను పని కలదు.

వీడియో సహాయ రెఫరీ పద్ధతి 2016లో ప్రయోగదశలో మొదలై, 2018లో ఆట నియమములలో చేరెను. ఆ ఏడే రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో దానిని వాడిరి. మైదానమునకు వెలుపల ఒక గదిలో కొందరు రెఫరీలు తెరల యెదుట కూర్చుండి, పలుకోణముల దృశ్యములను చూచుచుందురు. అన్నింటిలోను వారు జోక్యము చేసికొనరాదు. గోలు, పెనాల్టీ, నేరుగా చూపు రెడ్ కార్డు, ఒకనికి బదులు మరియొకని శిక్షించుట - ఈ నాలుగింటిలోనే, అదియు రెఫరీ స్పష్టమైన తప్పు చేసినపుడే కలుగజేసికొనవలెను. మాట బాగుగనే యున్నది. కాని ఆఫ్‌సైడ్ విషయమున 'స్పష్టమైన తప్పు' అను మాటకు తావు లేకపోయెను. ఒక వ్రేలి మేర దాటినను దాటినట్లే; కొలత వచ్చిన చోట స్పష్టమేమి, అస్పష్టమేమి అని వాదించిరి.

ఆ కొలతయైనను ఎంత నిక్కమైనదో ఒక్క లెక్క వేసి చూతము. సాధారణముగా కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీయును. వేగముగా పరుగెత్తు ఆటగాడు సెకనుకు 8 మీటర్లు పోవుననుకొనుడు. అనగా ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ అతడు 16 సెంటీమీటర్లు కదలును. రక్షకుడు అదే వేగమున ఎదురుగా వచ్చుచున్నచో వారి నడుమ మారు దూరము 32 సెంటీమీటర్లు. బంతిని తన్నిన క్షణము ఈ బొమ్మలోనిదా, ఆ బొమ్మలోనిదా? జానకంటె ఎక్కువ దూరము ఆ ప్రశ్నలోనే దాగియున్నది. అట్టి తెరమీద వెండ్రుకవాసి గీత గీసి, వ్రేలి మేర దాటెనని చెప్పుట నాకు రుచింపలేదు.

ఈ చిక్కును తీర్చుటకు 2022 కతార్ ప్రపంచ కప్పులో కొత్త యంత్రములు వచ్చెను. క్రీడాప్రాంగణపు కప్పు క్రింద పండ్రెండు కెమెరాలు బిగించి, ప్రతి ఆటగాని శరీరముమీద ఇరువది తొమ్మిది బిందువుల వరకు సెకనుకు 50 మారులు గుర్తించిరి. బంతి లోపల ఒక పరికరమును అమర్చిరి. అది సెకనుకు 500 మారులు తన సంగతి చెప్పును. తన్నిన క్షణము ఇక ఊహ కాదు. 2022 నవంబరు 20న మొదటి ఆట. మూడవ నిమిషముననే ఈక్వెడార్ నాయకుడు ఎన్నర్ వలెన్సియా గోలు వేసెను. మైదానములోనివారికి గాని, చూచుచున్న లక్షల జనమునకు గాని తప్పేమియు కనబడలేదు. యంత్రము చూచెను. అతని తోడివాని పాదము గీతకు అవతల నున్నది. గోలు చెల్లలేదు. రెండు దినముల తరువాత అర్జెంటీనా జట్టు సౌదీ అరేబియాపై మొదటి అర్ధభాగముననే మరి మూడు మారులు బంతిని వలలోనికి పంపెను. మూడును ఆఫ్‌సైడ్‌గా తేలినవి. సౌదీ జట్టు ఆ ఆటను 2-1తో గెలిచెను.

తీర్పులు సరియైనవే, ఆ విషయమున నాకు సందేహము లేదు. నా సందేహము మరియొకటి. మా ప్రాంతమున రెండు చేల నడుమ నుండు గట్టును గెట్టు అందురు. దానికి మూరెడు వెడల్పుండును. దానిని ఇటువాడును దున్నడు, అటువాడును దున్నడు. దానిమీద గడ్డి మొలచును. ఇరువురి పశువులును మేయును. పొలమునకు పోవువారందరును దానిమీదనే నడతురు. యంత్రముతో కొలిచి, వెడల్పు లేని గీతను కాగితముమీద గీచిన దినమున ఆ మూరెడు నేల ఎవరిదను ప్రశ్న పుట్టును. గెట్టు పంచాయితీ మొదలగును. ఆఫ్‌సైడ్ గీతకు పూర్వము అట్టి గెట్టు ఉండెను. 'సమానముగా ఉన్నారు' అని మనుష్యుని కంటికి తోచిన వెడల్పే ఆ గెట్టు. యంత్రము దానిని దున్నివేసెను. యంత్రము ముందు ఇద్దరు మనుష్యులు సమానముగా నుండుట ఎన్నడును జరుగదు.

ఈ కష్టము ఆటను నడుపువారికిని తెలియకపోలేదు. ఇంగ్లాండు ప్రీమియర్ లీగులో 2021 నుండి తెరమీది గీతలను లావు చేసిరి. రెండు గీతలు ఒకదానినొకటి తాకినచో దాడి చేయువానిదే మేలు. అర్సెనల్ జట్టుకు పూర్వము శిక్షకుడైన ఆర్సెన్ వెంగర్ మరియొక ఉపాయము చెప్పెను: దాడి చేయువాని శరీరము మొత్తము రక్షకుని దాటి, నడుమ వెలుతురు కనబడినపుడే ఆఫ్‌సైడ్ అనవలెనని. దాడికి అది మేలే గాని, తగవు తీరునని నేననుకొనను. ముందు కాలివ్రేలికై కొట్లాడినవారు అపుడు వెనుక మడమకై కొట్లాడుదురు. హద్దును జరిపినంత మాత్రమున గెట్టు ఏర్పడునా? గీతలను లావు చేసినవారే నా మనస్సునకు దగ్గరగా వచ్చిరి.

యంత్రము సరిగా చూచినను మనుష్యుడు సరిగా పలుకవలెను గదా! 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్ జట్టుతో ఆడుచు లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోలు వేసెను. సహాయ రెఫరీ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తెను. వీడియో గదిలోనివారు చూచి, అతడు ఆఫ్‌సైడ్ కాదని సరిగనే గ్రహించిరి. కాని మైదానములో గోలు ఇచ్చియున్నారని భ్రమించి, 'పరిశీలన పూర్తియైనది' అని మాత్రము చెప్పిరి. రెఫరీ దానిని తన తీర్పునకు సమ్మతిగా తీసికొనెను. ఆట మొదలయ్యెను, మొదలైన ఆటను వెనుకకు త్రిప్పుటకు నియమము ఒప్పదు. సరియైన గోలు అట్లే పోయెను. అది పెద్ద మానవ పొరపాటని రెఫరీల సంస్థయే పిమ్మట ఒప్పుకొనెను. కోట్ల విలువగల కన్ను చూచినదానిని ఒక్క తొందర మాట చెడగొట్టినది.

ఇవన్నియు ధనిక దేశముల ముచ్చటలు. మన దేశపు ఇండియన్ సూపర్ లీగులో 2024 వరకును వీడియో రెఫరీ లేడు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాదు జట్టు కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఆ లీగు కప్పు గెలిచినపుడును, గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపినపుడును, రెఫరీకి తన కన్నులే దిక్కు. యంత్రపు కన్ను ఉండుటకు ప్రాంగణమంతట కెమెరాలు, తీగలు, గది, తర్ఫీదు పొందిన మనుష్యులు కావలెను. అన్నింటికిని డబ్బు కావలెను.

ఇపుడు మరల కతార్‌కు పోదము. 2024 జూన్ 11. రహీమ్ సాహెబు మరణించి సరిగా అరువది యొక్క సంవత్సరములైన దినము. 2026 ప్రపంచ కప్పు అర్హత పోటీలలో భారతదేశము కతార్‌తో ఆడుచుండెను. సునీల్ ఛెత్రి అయిదు దినముల ముందే కలకత్తాలో ఆడి అంతర్జాతీయ ఆటకు అప్పటికి వీడ్కోలు తీసికొనియుండెను. ఆతడు లేని జట్టునకు గోల్‌కీపరు గుర్‌ప్రీత్ సింగ్ సంధూ నాయకుడు. గెలిచినచో మూడవ దశ. అక్కడికి మన దేశము అంతవరకు చేరియుండలేదు. ఆ రాత్రి మా వసారాలో నలుగురైదుగురు బాలురు, నేను, ఒక చిన్న సెల్‌ఫోను. ముప్పది యేడవ నిమిషమున లల్లియంజువాలా ఛాంగ్టే గోలు వేసినపుడు బాలుర కేకలకు వీథికుక్కలన్నియు లేచినవి.

డెబ్బది మూడవ నిమిషమున కతార్‌వారికి ఫ్రీ కిక్ వచ్చెను. యూసెఫ్ అయ్‌మెన్ బంతిని తలతో కొట్టెను. గుర్‌ప్రీత్ దానిని ఆపెను. బంతి అతనిని దాటి, గోలు స్తంభము ప్రక్కగా, గోలు గీతను పూర్తిగా దాటి వెలుపలికి పోయెను. వెలుపలికి పోయిన బంతితో ఆట ఆగవలెను. మనవారు ఆగిరి. కతార్ ఆటగాడొకడు ఆ బంతిని కాలితో లోపలికి లాగెను. అయ్‌మెన్ దానిని వలలోనికి తన్నెను. రెఫరీ గోలు ఇచ్చెను. మనవారు చుట్టుముట్టి మొరపెట్టుకొనిరి. రెఫరీ సహాయకుని అడిగెను, తీర్పు మారలేదు. ఆ పోటీల ఆ దశలో వీడియో రెఫరీ లేడు. పండ్రెండు నిమిషముల తరువాత కతార్‌వారు రెండవ గోలును వేసిరి. 2-1. మన కథ ముగిసెను.

ఈ మారు సెల్‌ఫోనులోని బొమ్మను ఏ కోణమునుండి చూచినను ఇరుపక్షములు లేవు. బంతి గీతకు అవతల నున్నది; గీతకును బంతికిని నడుమ పచ్చగడ్డి కనబడుచున్నది. మహదేవపూర్‌లో వసారాలో కూర్చున్న పన్నెండేండ్ల బాలునికి తెలిసిన సత్యము, తీర్పు చెప్పవలసినవానికి మాత్రము తెలియదు. ఒక బాలుడు ఏడ్చెను. మరియొకడు, "తాతా, మొన్న వాళ్ళ దేశంలనే గద కాలివేలు గూడ కొలిచిండ్రు?" అని అడిగెను. నేనేమి చెప్పుదును? పందొమ్మిది నెలలకు పూర్వము అదే దేశమున, పండ్రెండు కెమెరాలు ఒక పాదము కొనను పట్టుకొన్నవి. అదే దేశమున ఈనాడు, గీత దాటిన బంతిని చూచుటకు ఒక్క కెమెరాను అడుగుటకు వీలు లేకపోయెను. ఆ తప్పు లేకున్నచో మనవారు తప్పక గెలిచియుందురని నేననను. ఇంకను పదునేడు నిమిషముల ఆట ఉండెను. కాని ఆ నిమిషములను ఆధిక్యముతో ఆడు హక్కు వారిది. మన ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ కోరుచు పైసంస్థలకు వ్రాసెను. ఫలితము మారలేదు.

యంత్రము అవసరమా కాదా అని పెద్దలు వాదించునపుడు నాకు ఈ రెండు దృశ్యములును కలిసి గుర్తుకు వచ్చును. అందరికిని కనబడి రెఫరీ ఒక్కనికి కనబడని తప్పును దిద్దుటకు వీడియో ఎంతయో ఉపకారి. అక్కడ అది లేకపోవుట అన్యాయము. ఎవ్వరికిని కనబడనిదానిని వెదకి పట్టుటలో దాని గొప్పతనము నాకంతగా తోచదు. మనము మాత్రము రెండవ పనికి పండ్రెండు కెమెరాలు పెట్టి, మొదటి పనికి కొన్నిచోట్ల ఒకటియు పెట్టలేదు.

2024లో కొలంబియా దేశమున జరిగిన ఇరువది యేండ్లలోపు బాలికల ప్రపంచ కప్పులో తక్కువ ఖర్చుతో నడుచు ఒక పద్ధతిని ప్రయోగించి చూచిరి. ఇందులో వేరుగది లేదు, తెరల ముందు కూర్చుండు రెఫరీలు లేరు. మైదానపు ప్రక్కన ఒక తెర. ప్రతి శిక్షకునికిని ఆటకు రెండు మారులు 'చూడుడు' అని కోరు హక్కు. కోరినది నిజమని తేలినచో ఆ హక్కు ఖర్చు కాదు. ఉన్న నాలుగు కెమెరాల దృశ్యములనే రెఫరీ తానే పోయి చూచి తీర్పు చెప్పును. వెండ్రుకవాసి ఆఫ్‌సైడ్‌ను ఈ పద్ధతి పట్టలేదు. గీత దాటి గడ్డిమీద దొర్లుచున్న బంతిని మాత్రము తప్పక పట్టగలదు. ఆ రాత్రి గుర్‌ప్రీత్ చేతిలో అట్టి హక్కు ఒక్కటి ఉండినచో చాలును గదా యని మా బాలురు ఇప్పటికిని అందురు.

కడచిన దసరాకు వారు నన్ను మైదానమున సహాయ రెఫరీగా నిలువుమని కోరిరి. జెండా లేదు, ఎఱ్ఱ తువాలు చేత పట్టుకొంటిని. కాళేశ్వరపు ఇసుకలో కర్రలను చూచినవారు గనుక, నేను గీతకు సరిగా ఎదుట నిలుచుటకై ముసలికాళ్ళతో పరుగెత్తుచుండగా ఎవరును నవ్వలేదు. రెండవ అర్ధభాగమున ఒక బాలుడు మెరుపువలె దూకి గోలు వేసెను. అతడును కడపటి రక్షకుడును నా కంటికి ఒక్క వరుసలో కనబడిరి. తువాలు ఎత్తలేదు. "వేలెడు ముందున్నడు తాతా!" అని ఓడుచున్న జట్టువారు నా చుట్టు మూగిరి. సమానముగా నున్నవానిని 1990 నుండి విడిచిపెట్టుచున్నారని చెప్పితిని. వారిలో పెద్దవాడు కొంతసేపు నా ముఖమును, పిమ్మట గోలును చూచెను. తరువాత బంతిని చంకనబెట్టుకొని మైదానము నడుమకు నడచెను.